గులాబీ మొగ్గలు మురిగిన ఏడు

యుద్ధం మా కొండమీదికి రాలేదు. దాని బదులు ప్లాస్టిక్ వచ్చింది.

అరబ్బు దేశంలో, తాయిఫ్ ఊరికి అవతల, కొండ ఒక్కసారిగా తెగి లోయలోకి దిగిపోయే అంచున మా కఫీల్‌కి గులాబీ తోట ఉండేది. కఫీల్ అంటే వీసా ఇచ్చి రప్పించుకున్న అరబ్బు యజమాని. ఆయన సంతకం లేనిదే మనం ఆ దేశం దాటలేం. ముసలాయన, బాబా అని పిలిచేవాళ్ళం. రాతికట్టలు పేర్చి మెట్లు మెట్లుగా తీసిన మళ్ళలో వాళ్ళ నాన్ననాటి గులాబీ పొదలు. ఏడాదంతా ముళ్ళూ ఆకులే. చలి విరిగాక ఒక నెలా నెలన్నర మాత్రం పూస్తాయి. ఆ పూలు ఎండ తగలకముందే కోసి అత్తరు బట్టీకి పంపాలి. మిగతా పదిన్నర నెలల చాకిరీ అంతా ఆ నెలన్నర కోసమే.

పనివాళ్ళం ఇద్దరం, నేనూ బావా.

బావ నాకు చుట్టమేం కాదు. మాది కరీంనగర్ జిల్లా. వాళ్ళ ఊరు మా ఊరికి రెండు ఊళ్ళ అవతల. నేను తోటలో దిగిన రోజున మాటల్లో మా మేనత్తను ఇచ్చింది వాళ్ళ ఊరికేనని తేలింది. "అయితె నేను నీకు బావనైత, ఇగ నా మాట ఇనాలె నువ్వు" అని ఆయనే వరస కలిపేశాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. మాట మెత్తన, చెయ్యి అంతకంటే మెత్తన. ముళ్ళ పొదలో చెయ్యి పెట్టి గీరుకోకుండా బయటికి తీసేవాడు. నేనేమో రోజూ సాయంత్రానికి పిల్లితో కొట్లాడి వచ్చినవాడిలా ఉండేవాణ్ణి.

ఆయన వచ్చి అప్పటికి ఐదేళ్ళు దాటింది. ఒక్కసారీ ఇంటికి పోలేదు. మొదటిసారి సెలవు వచ్చినప్పుడు బాబా జబ్బుపడ్డాడు. రెండోసారి తోటలో బావి ఎండిపోయి కొత్తది తవ్వాల్సి వచ్చింది. మూడోసారి పోదామని సంచీ కొనుక్కుంటే కువైట్ మీద యుద్ధం వచ్చిపడింది. ఎనిమిది నెలల పిల్లని భార్య చేతిలో పెట్టి వచ్చిన మనిషి. ఆ పిల్లకి ఇప్పుడు ఆరేళ్ళు. పిల్ల ముచ్చట ఎత్తితే చాలు, చెవి కోసుకునేవాడు.

ఆ చలికాలమంతా విమానాల మోత. గ్యాసు బాంబులు వేస్తారని ఒకటే పుకారు. బాబా ఎక్కణ్ణుంచో పెద్ద పెద్ద ప్లాస్టిక్ చుట్టలు, వెడల్పాటి టేపు తెప్పించి తన ఇంటి కిటికీలన్నీ మూయించాడు. మాకూ ఓ చుట్ట ఇచ్చాడు. మేమూ మా గదికి కిటికీ, తలుపు సందు, గోడలో చిల్లు అన్నీ అంటించేశాం. మర్నాడు మధ్యాహ్నానికి లోపల చెమట, ఉక్క, వంట వాసన. బావ లేచి కిటికీ ప్లాస్టిక్ పర్రున చింపేశాడు.

"గ్యాసుతోని సచ్చుడు దేవుడెర్క, గీ ఉక్కపోతకైతె ఇయ్యాల్నే సస్తం" అన్నాడు.

ఏ బాంబూ మా కొండ వైపు చూడలేదు. చలికాలం చివర్లో యుద్ధం అయిపోయింది. మిగిలిన ప్లాస్టిక్ చుట్టలు రేకుల షెడ్డులో మూలన పడ్డాయి.

యుద్ధం రోజుల్లో ఆగిపోయిన ఉత్తరాలన్నీ ఒక్కసారిగా వచ్చాయి. వాటిని తెచ్చేది మా డ్రైవర్ భాయ్. కడప ఆయన. బాబా పూల బండీ ఇంటి కారూ రెండూ ఆయనే నడిపేవాడు, అరబ్బీ గడగడా మాట్లాడేవాడు. మా ఇద్దరి మాటలు బాబాకి, బాబా మాటలు మాకు చేర్చేది కూడా ఆయనే. ఆ రోజు బావకి ఒక క్యాసెట్ తెచ్చి ఇచ్చాడు. బావ భార్యకి చదువు రాదు. ఎవరింట్లోనో టేపురికార్డరు ముందు కూర్చుని మాట్లాడి పంపేది. వచ్చిన రోజు అన్నం కూడా మానేసి వినేవాడు బావ, నేనూ పక్కన కూర్చుని వినేవాణ్ణి. సిగ్గుపడే ముచ్చట వస్తే నన్ను బయటికి తరిమేవాడు.

ఈసారి తరమలేదు. మొదట్లో ఆమె తమ్ముడు ఊరి సంగతులు చెప్పాడు. తర్వాత ఆమె గొంతు. నీరసంగా ఉంది.

"కడుపుల గడ్డ ఉన్నదట. పెద్దాస్పత్రి డాక్టరు జల్ది కోసి తియ్యాలంటున్నడు. నాకు బుగులైతుంది. నువ్వు రా. నువ్వు పక్కన నిలవడితెనే నేను ఆ బల్ల మీద పండుకుంట. నువ్వు లేంది నేను పండుకోను, ఎవ్వరు జెప్పినా ఇనను." మళ్ళీ నవ్వుతూ, "గులాబి పూలల్ల వడి మమ్ముల మరిసినవా ఏంది?"

బావ టేపు ఆపేశాడు. చెప్పులు కూడా లేకుండా బాబా ఇంటికి పరిగెత్తాడు. వెనకే భాయ్, నేనూ.

బాబా చెడ్డవాడేం కాదు, ఆ మాట ముందే చెప్పాలి. మొత్తం విన్నాడు. కళ్ళు మూసుకుని గడ్డం నిమురుకున్నాడు. భాయ్ మాకు చెప్పినదాని ప్రకారం ఆయన అన్నది ఇది: పూలు పది రోజుల్లో మొదలవుతాయి. మొదటి కోత వరకు ఉండు. అది చేతికి వస్తే మిగతాది కూలీలతో నెట్టుకొస్తాను. ఈలోపు పాస్‌పోర్టు గడువు పొడిగించి, వెళ్ళి రావడానికి కాగితం సిద్ధం చేయిస్తాను.

బావ ముఖం వెలిగిపోయింది. ఆ రోజు నుంచి పొద్దున లేవగానే ఒక్కో పొదకీ మొగ్గలు చూసుకునేవాడు. నేను వేళాకోళం చేసేవాణ్ణి.

"ఏం బావా, మొగ్గల్ని గుంజి పొడుగు జేస్తున్నవా?"

"జేస్తె అయితదంటె జేస్తుంటిర" అనేవాడు.

రంజాన్ మొదలైంది. మొగ్గలు నిండి, మొన దగ్గర గులాబీ రంగు తొంగిచూస్తోంది. అప్పుడు బాబా, భాయ్, బావ ముగ్గురూ పాస్‌పోర్టు పనిమీద జెద్దా వెళ్ళారు. ఉపవాసాల నెలలో ఆఫీసులు తెరిచేదే రెండు మూడు గంటలు. ఒక్క రోజు పని మూడు రోజులు పట్టింది. వెళ్ళేముందు బావ నాకు చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

"మబ్బు వట్టినా, ఉరిమినా నువ్వేం జెయ్యకు. నీళ్ళు గూడ వెట్టకు. కలుపుంటె తీస్కో, లేకుంటె పండుకో. నేనచ్చెదాక తోటను ముట్టకు."

ముట్టకు అన్నాడు. అంత స్పష్టంగా చెప్పాడు. అయినా నా తెలివి ఊరుకోదు కదా!

వాళ్ళు వెళ్ళిన రోజు మధ్యాహ్నమే ఎర్రసముద్రం వైపు నుంచి నల్లగా మబ్బు లేచింది. చల్లటి గాలి తిరిగింది. ఆ గాలి నాకు తెలుసు. మా ఊళ్ళో వేసవి మొదట్లో రాళ్ళవాన పడేముందు వీచే గాలి అది. రాళ్ళు పడితే ఇంత మెత్తటి మొగ్గలు ఒక్కటి మిగలదు. మొదటి కోత పోతుంది. కోత పోతే బావ సెలవు పోతుంది. అక్కడ ఆమె బల్ల ఎక్కనని భీష్మించుకుని కూర్చుంది.

మాది పసుపు పండించే ఇల్లు. పసుపు ఉడకబెట్టి కల్లంలో ఎండేసినప్పుడు ఆకాశంలో చెయ్యంత మబ్బు కనబడితే చాలు, ఇంటిల్లిపాదీ పరదాలు తీసుకుని ఉరుకుతాం. కప్పి, అంచుల మీద రాళ్ళు పెడతాం. నడవడం వచ్చినప్పటి నుంచి నేను చేసిన పని అదే. మబ్బును చూసి కప్పకుండా కూర్చోవడం నా ఒంట్లో లేదు. షెడ్డులోకి దూరి యుద్ధం ప్లాస్టిక్ చుట్టలన్నీ బయటికి లాగాను. బావి దగ్గరి రెండు పెద్ద మళ్ళు, మొగ్గలు అన్నిటికంటే ముందు నిండిన మళ్ళు, పొదల మీంచి పరిచేశాను. తాళ్ళు కట్టాను. అతుకులకి టేపు వేశాను. గాలికి లేవకుండా చుట్టూ అంచుల మీద రాళ్ళు పేర్చాను. మా గది మూసినంత గట్టిగా మూశాను.

రాళ్ళవాన పడనే పడింది. ప్లాస్టిక్ మీద టపటపా పడి జారిపోతుంటే షెడ్డు గుమ్మంలో నిలబడి నేను గంతులేశాను. నిజంగానే గంతులేశాను, సిగ్గు లేకుండా. పక్క తోటలో పూరేకులు బురదలో కలిసిపోతున్నాయి. నేను కప్పిన మళ్ళలో ఒక్క మొగ్గ రాలలేదు. బావ వచ్చి నన్ను ఎత్తుకుని తిప్పుతాడు అనుకున్నాను.

వాన తగ్గింది. కానీ కొండమీద పొగమంచు పట్టింది. రెండు రోజులు ఎండ మొహం కనబడలేదు. మధ్యమధ్య జల్లు. మళ్ళీ రాళ్ళు పడతాయేమోనని తీయలేదు. ప్లాస్టిక్ లోపలి వైపు నీటి బొట్లు పట్టి తెల్లగా కనిపించింది. పొదలు చల్లగా, హాయిగా ఉన్నాయనుకున్నాను. ఉక్కపోతకి తాళలేక కిటికీ చింపుకున్న గదిలోనే ఆ రెండు రోజులూ పడుకుని కూడా నాకు బుర్ర వెలగలేదు. పసుపు చచ్చిన పంట, పొద బతికున్న పంట. ఊపిరి కావాలి దానికి. ఈ ముక్క తర్వాత బావ చెబితేగానీ నాకు తట్టలేదు.

మూడో రోజు మధ్యాహ్నం కారు వచ్చింది. బావ దిగుతూనే మడి వైపు చూసి ఆగిపోయాడు. నేను పళ్ళు ఇకిలిస్తూ ఎదురు పోయాను.

"రాళ్ళవాన వడ్డది బావా, ఒక్క మొగ్గ రాలనియ్యలే!"

ఆయన నన్ను దాటి వెళ్ళిపోయాడు. రాయి పక్కకి నెట్టి ప్లాస్టిక్ అంచు ఎత్తాడు. లోపలి నుంచి వేడి ఆవిరి, పాత గోనెసంచి వాసన. మొగ్గలన్నీ తలలు వాల్చేసి ఉన్నాయి. పువ్వు కింద మెడ దగ్గర గోధుమరంగు మచ్చ, రేకుల మీద బూడిదరంగు బూజు. బావ ఒక మొగ్గని వేలితో తాకాడు. పొగలాగా దుమ్ము లేచింది.

"ఎన్ని రోజులాయెర కప్పి?"

"మూడు."

ఆయన అక్కడే మట్టిలో కూలబడ్డాడు. తిట్టలేదు. తిట్టి, చెప్పు తీసుకుని కొట్టి ఉంటే బాగుండేది.

ఈలోపు బాబా దిగి వచ్చాడు. ఉపవాసం, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మడి చూశాడు. "మీన్ సవ్వా హాదా?" అని అరిచాడు. ఎవరు చేశారని. ఆ మూడు మాటలు నాకు తర్జుమా అక్కర్లేదు. అయినా భాయ్ అలవాటుకొద్దీ మా వైపు తిరిగాడు.

"ఎవురప్పా ఇట్ల చేసింది?"

'నేను' అనడానికి అరబ్బీలో రెండక్షరాలు. అన. అంతే. అది నేను ఆ దేశంలో నేర్చుకున్న మొదటి మాట. అనేలోపే బావ లేచి నిలబడ్డాడు.

"అన" అన్నాడు. తర్వాత భాయ్‌తో, "నేనే పోయేటప్పుడు జెప్పి పోయిన, మబ్బు వడితె కప్పమని. పోరడు నా మాట ఇన్నడు. తప్పు నాదని జెప్పు."

భాయ్ ఆయన ముఖంలోకి, నా ముఖంలోకి చూశాడు. ఆయనకి అర్థమైంది. కానీ చెప్పమన్నది చెప్పాడు. నేను నేల చూస్తూ నిలబడ్డాను.

బాబా వెళ్ళాక అడిగాను, ఎందుకలా అన్నావని.

"నీది మొదటేడు. ఖురూజ్ కొట్టి విమానమెక్కిస్తడు, మల్ల జన్మల రానియ్యరు. నన్నయితె ఏమనడు. ఐదేండ్ల సంది సూస్తున్న, ఆయన మనసు నాకెర్క లేదా?" అన్నాడు. ఖురూజ్ అంటే ఆ దేశం నుంచి ఇక తిరిగి రాకుండా పంపేయడం.

ఆయనకి ఆ మనసు ఎరుక కాలేదు. మర్నాడు బాబా వచ్చి రాతికట్ట మీద కూర్చున్నాడు. కోపం లేదు. కోపం ఉంటే తగ్గుతుందని ఎదురుచూడొచ్చు. మెల్లగా, ముసలివాళ్ళు ఆలోచించి చెప్పినట్టు చెప్పాడు. ఈ తోట మా నాన్నది. నిన్ను నమ్మి వదిలాను. రెండు మళ్ళు పోయాయి, బూజు మిగతా మళ్ళకీ ఎక్కుతోంది. దీన్ని చేత్తో ఏరి బతికించడం నీకు తప్ప ఎవరికీ రాదు. చెడగొట్టినవాడివి నువ్వే బాగుచెయ్యి. చివరి పువ్వు కోశాక ఇంటికి వెళ్ళు. అప్పటిదాకా పాస్‌పోర్టు నా దగ్గర ఉంటుంది.

"బాబా, ఆయప్ప పెండ్లాం పానం మీదికొచ్చిందని..." భాయ్ మాకు వినబడేట్టు తెలుగులో అని, మళ్ళీ అరబ్బీలో బతిమాలాడు. బాబా తల అడ్డంగా ఊపాడు.

చివరి పువ్వు అంటే ఇంకో నెల.

అప్పుడు చెప్పాల్సింది నేను. అక్కడే నిలబడి ఉన్నాను. ముందు రోజు భయంతో నోరు రాలేదంటే సరే, ఒక రాత్రి గడిచింది కదా! ముందుకు అడుగు వేసి, చేసింది నేను, నన్ను పంపించు, ఈయన్ని వదిలెయ్ అంటే ఏమయ్యేది? నన్ను పంపేవాడేమో. అయినా తోట బాగుచేసే చెయ్యి ఆయనదే కాబట్టి ఆయన్ని ఆపేవాడేమో. ఏమో! ఈ 'ఏమో'లు లెక్కపెట్టుకుంటూ ముప్పై ఏళ్ళు గడిపాను. నిజం ఒక్కటే. పిరికితనం. ఊళ్ళో వాళ్ళ ముందు ఏడాది తిరక్కుండానే వచ్చేశాడని అనిపించుకోవడం నాకు ఇష్టంలేదు. ఒక మనిషి ప్రాణం కంటే నాకు అది పెద్దదైపోయింది. థూ, నా బతుకు.

బావ, భాయ్ చేత ఊరికి టెలిగ్రాం కొట్టించాడు. నా కోసం ఆగొద్దు, ఆపరేషన్ చేయించుకో అని. నాలుగు రోజులకి బామ్మర్ది దగ్గరి నుంచి జవాబు వచ్చింది. చెప్పి చూశాం, వినడంలేదు, నువ్వు వచ్చేదాకా ఆగుతానంటోంది అని. బావ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని పొదల్లోకి నడిచాడు.

పని ఏమిటంటే, తడి ఆరేదాకా పొదని తాకకూడదు. తడిలో తాకితే మన చేతులే బూజుని మోసుకెళ్తాయి. తడి ఆరాక ఒక్కో మొగ్గ మెడ చూడాలి. మచ్చ పడితే మచ్చ కింద బెత్తెడు వదిలి కత్తిరించాలి. నేల మీద పడెయ్యకూడదు, సంచిలోకే మెల్లగా దించాలి. కత్తెర పొదపొదకీ కడగాలి. గుబురుగా ఉన్న చోట కొమ్మలు తీసేసి గాలికి దారి చెయ్యాలి. సంచి నిండితే తోట దాటి గుంటలో కాల్చాలి. బావ ఇదంతా నాకు ఓపిగ్గా నేర్పాడు. పైకి ఎర్రగా, నిక్షేపంగా ఉన్న మొగ్గని కూడా ఒక్కోసారి కత్తిరించేవాడు. విప్పి చూస్తే లోపల నల్లగా ఉండేది.

"ఎట్ల ఎర్కయితది బావా నీకు?"

"బరువు సూడు. మురిగింది తేలిగ్గుంటది" అనేవాడు.

రోజూ అంతే మాట్లాడేవాడు. పనిచేస్తూ పాడుకునే పాటలు మానేశాడు. క్యాసెట్ మళ్ళీ వినలేదు. పక్క తోటలో రాళ్ళకి పూలు పోయినా, వారం తిరిగేసరికి కొత్త మొగ్గలు విచ్చుకుని కోతలు మొదలుపెట్టారు. కప్పకుండా వదిలేసి ఉంటే మేమూ ఆ వారానికి కోసేవాళ్ళం. బాబా మాట ప్రకారం బావ విమానం ఎక్కేవాడు. అటువైపు నుంచి కూలీల నవ్వులు వినిపించినప్పుడల్లా నేను ఎటో చూసేవాణ్ణి. ఆయన మాత్రం తలెత్తకుండా కత్తిరించుకుంటూ పోయేవాడు. పై మళ్ళు దక్కాయి. ఆయన చేతి చలవే అదంతా.

రంజాన్ పండుగ వచ్చింది. తపాలా ఆఫీసుకి సెలవులు. సెలవులు అయ్యాక భాయ్ వచ్చాడు. ఎప్పుడూ కారు హారన్ కొట్టి అరుస్తూ వచ్చే మనిషి, ఆ రోజు కారు దూరంగా ఆపి నడిచి వచ్చాడు.

"కూసో అన్నా. ముందు కూసో" అన్నాడు బావతో.

బావ కూర్చోలేదు. "పోయిందా?" అన్నాడు.

భాయ్ తలూపాడు. టెలిగ్రాం వచ్చి నాలుగు రోజులైంది, సెలవుల్లో అక్కడే పడివుంది. గడ్డ లోపల పగిలిందట. అప్పుడు బండిలో వేసుకుని ఆస్పత్రికి బయలుదేరారు. బల్లదాకా పోలేదు. బావ చేతిలో కత్తెర అలాగే ఉంది. ముందున్న పొద వైపు తిరిగి, మచ్చపడ్డ మొగ్గ ఒకటి కత్తిరించి సంచిలో వేశాడు. ఇంకొకటి కత్తిరించాడు. నేను వెళ్ళి ఆయన చేయి పట్టుకున్నాను. అప్పుడు ఏడ్చాడు. ఆయన ఏడుస్తుంటే నాకు ఏడ్చే హక్కు కూడా లేదనిపించింది.

అంత్యక్రియలు బామ్మర్ది చేసేశాడు. మూడో రోజు పిట్టకు పెట్టడం, అదే కాకికి ముద్ద పెట్టడం, కూడా అయిపోయే ఉంటుంది. బావ వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, పదకొండో రోజు ఇంకా రాలేదన్నాడు. అక్కడ మన తంతులు బయటికి చేయడానికి లేదు. ఆ రోజు పొద్దున తలకి పోసుకుని, అన్నం, పప్పు, గిలాసలో టీ కొండ అంచున ఒక బండ మీద పెట్టాడు. ఆమెకి టీ అంటే ప్రాణమట. మేం దూరంగా వచ్చి నిలబడ్డాం. కాకి కోసం చూస్తుంటే లోయలోంచి కోతుల గుంపు ఎక్కివచ్చింది. ఆ కొండల్లో కుక్కమూతి కోతులు, మనిషంటే లెక్కలేదు వాటికి. ఒకటి అన్నం ముందు బైఠాయించి పిడికిళ్ళతో తినడం మొదలుపెట్టింది. నేను రాయి తీసుకున్నాను.

"కొట్టకు" అన్నాడు బావ. "తిననీ. ఆమె ఎవ్వర్నీ ఆకిలి ముంగల్నుంచి ఎల్లగొట్టలే."

బాబా మూడు రోజులు వరసగా వచ్చాడు, ఖర్జూరాలు, కావా అనే అరబ్బు కాఫీ తీసుకుని. బావ పక్కన రాతికట్ట మీద కూర్చునేవాడు. మూడో రోజు జేబులోంచి పాస్‌పోర్టు, వెళ్ళి వచ్చే కాగితం తీసి ముందు పెట్టాడు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. బావ వాటిని ముట్టుకోలేదు.

"ఇప్పుడు నాకెందుకు బాబా?" అన్నాడు. భాయ్ ఆ మాట అరబ్బీలో చెప్పలేక దగ్గాడు.

ఆ సాయంత్రం బావ నాతో అన్నాడు. "నువ్వు పో. నా బదులు నిన్ను పంపుమని అడిగిన, ఒప్పుకున్నడు. నా బిడ్డను సూసి రా. నాకు మొకం సెల్లుతలేదు. ఎందుకు రాలేదని అడిగితె నేనేం జెప్పాలె?"

"నేనేం జెప్పాలె బావా?" అన్నాను.

"కఫీల్ సుట్టియ్యలేదని చెప్పు. అది నిజమే గదా."

నేను పోయాను. తిరిగి వెళ్ళి ఆయనతో ఇంకో మూడేళ్ళు అదే తోటలో పనిచేశాను. ఒక్కరోజూ ఆయన ఆ సంగతి ఎత్తలేదు. కానీ ఆ మధ్యలో వాళ్ళ అత్తగారి ఊళ్ళో జరిగింది చెప్పకపోతే ఇదంతా రాసి దండగ.

మిట్టమధ్యాహ్నం వేళ వెళ్ళాను. గవ్వరంగు గౌను, రిబ్బన్లు, బిస్కెట్లు ఉన్న సంచీ నా చేతిలో. ముసలమ్మ, బావ అత్తగారు, మంచం వాల్చి కూర్చోమంది. బామ్మర్ది పొలం నుంచి వచ్చాడు. ఏడుపులయ్యాయి. పిల్ల తలుపు చెక్క పట్టుకుని నన్నే చూస్తోంది. అచ్చం బావ కళ్ళు.

"అమ్మమ్మా, నాయిననా?" అంది.

"కాదు బిడ్డా. మీ నాయినతోని పనిచేసే ఆయిన. మీ నాయిన నీకు గౌను పంపిండు, పో తీస్కో."

దగ్గరికి వచ్చింది. గౌను అందుకుంది. ఎత్తి పట్టుకుని పొడవు చూసుకుంది. సరిపోతుందనుకుందేమో, నా మోకాలికి ఆనుకుని నిలబడింది. ఎంత తేలిగ్గా ఉందో! నా చెయ్యి దాని తల మీద పెట్టాను.

"మా నాయినకు సుట్టి ఎందుకియ్యలే?" అని అడిగింది.

చెప్పాల్సిన మాట సిద్ధంగానే ఉంది. బావ నేర్పి పంపిన మాట. విమానంలో, రైల్లో, బస్సులో వందసార్లు అనుకున్న మాట. ఆ కళ్ళు చూస్తూ అనలేకపోయాను.

"పూలు మురిగినయి బిడ్డా. అవి బాగుజేసెదాక పంపలే."

"ఎవలు మురగవెట్టిండ్రు?"

"నేనే" అన్నాను. "నేను కప్పవెట్టిన. మీ నాయిన ఒద్దన్నడు, అయినా కప్పిన. అడిగితె నేనని చెప్పలే. మీ నాయిన తన మీదేసుకున్నడు. అందుకే పంపలే."

ఏడుస్తున్నాను. ముసలమ్మ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "ఊకో కొడుకా, నువ్వు జేసేదేమున్నది? దాని రాత అంతె ఉన్నది" అంది. బామ్మర్ది కూడా అదే అన్నాడు. దానికి ఆయుష్షు అంతవరకే ఉంది, నువ్వెందుకు మనసుల పెట్టుకుంటవ్ అన్నాడు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. అన్నం తినిపోవాలన్నాడు. పెద్దవాళ్ళు కదా, ఇంటికి వచ్చినవాడు ఏడుస్తుంటే ఇంకేం అంటారు?

పిల్ల మాత్రం నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. నా మోకాలు వదిలి ఒకడుగు వెనక్కి వేసింది. చేతిలో గౌను మడతపెట్టింది. మడత సరిగ్గా రాకపోతే విప్పి మళ్ళీ పెట్టింది. తెచ్చి మంచం మీద నా పక్కన పెట్టి, పెరట్లోకి వెళ్ళిపోయింది. అమ్మమ్మ పిలిచింది, మామ పిలిచాడు. నేను బస్సెక్కేదాకా మళ్ళీ నా ముందుకి రాలేదు.